హద్దు రాయి దాటిన నీటి గొట్టం

రబ్బరు ధర పడిపోయి, తోటలు ఒకదాని తర్వాత ఒకటి కూలీలను ఓడలెక్కించి ఇండియాకు పంపేస్తున్న రోజులవి. ముప్పైవ దశకం మొదట్లో, ఒక జనవరి నెలలో నన్ను మలయా దేశపు దిగువ పేరాక్‌లోని ఒక చిన్న రేవు ఊరికి శానిటరీ బోర్డు ఓవర్సీరుగా వేశారు. ఇప్పుడు తెలుక్ ఇంటాన్ అంటున్న పట్టణానికి అది నది దిగువన, లాంచీలో ఒక పూట ప్రయాణం. ఊరి పేరు రాయను. ఆ బోర్డులో ఉన్నవాళ్ల పిల్లలు, మనవలు ఇంకా ఉన్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు.

ఇప్పుడు పురపాలక సంఘం చేసే పనులన్నీ అప్పట్లో శానిటరీ బోర్డు చేసేది. వీధులు ఊడవడం, కాలువలు తీయడం, మార్కెట్టు, దీపాలు, మరుగుదొడ్లు, చివరికి అగ్గి కూడా. జిల్లా అధికారి ఆ పదవిని బట్టే బోర్డుకు ఛైర్మన్. ఆయన కింద ఇన్‌స్పెక్టర్ దొర, దొర కింద నేను. నా కింద ఒక మండోరు, అంటే కూలీల మేస్త్రీ. అతని కింద ముప్పై మంది. అందరూ విశాఖపట్నం, చీకాకోలు (ఇప్పటి శ్రీకాకుళం) వైపు నుంచి వచ్చిన మనవాళ్లే. నేను కొబ్బరి తోటలో పుట్టి మిషన్ బడిలో చదువుకున్నవాణ్ణి. నన్ను వాళ్లు 'కిరాణీ బాబు', అంటే గుమాస్తా బాబు, అనేవారు. ఆదివారం సంఘంలో వాక్యం చదువుతానని తెలిశాక 'పాస్టరు బాబు' అనడం మొదలుపెట్టారు.

అగ్నిమాపక దళం అంటే ఇప్పటి పాఠకులకు ఎర్ర లారీ, గంట, ఇనుప టోపీలు గుర్తొస్తాయి. మా కాలంలో జిల్లా అంతటికీ ఒక దళం అనేది లేదు. ప్రతి నిప్పుకూ ఒక యజమాని ఉండేవాడు. తోటలో పుట్టిన నిప్పు తోట మేనేజరుది. ఆయన దగ్గర ఇసుక బకెట్లు ఉండేవి. రైలు గోదాములో పుడితే రైల్వేది. మలాయ్‌వాళ్ల కంపోంగులో, అంటే పల్లెలో, పుడితే ఎవరిదీ కాదు. బోర్డు హద్దు లోపల పుడితే మాది. అంతకుముందు ఊళ్లో చీనా వర్తకులు కొట్ల ముందు నీళ్ల జాడీలు పెట్టుకునేవారనీ, నిప్పంటుకుంటే పోలీసులు బకెట్లతో పరిగెత్తేవారనీ పాతవాళ్లు చెప్పారు. ఒక వీధి కొట్లన్నీ కాలిపోయిన తర్వాత బోర్డు ఒక పెద్ద పట్టణం వాడి వదిలేసిన చేతి పంపును తెప్పించుకుంది. ఆ పంపు ఎంతవరకు వెళ్లాలో చెప్పడానికి హద్దు గీశారు. మా జిల్లాలో అగ్గి హద్దుల చరిత్ర మొత్తం ఇంతే: ముందు నిప్పు, తర్వాత పంపు, ఆ తర్వాత గీత.

నేను వెళ్లేసరికి పెద్ద పట్టణాలకు మోటారు పంపులు వచ్చేశాయి. మాకు ఇంకా ఆ చేతి పంపే. నాలుగు చక్రాల బండి మీద ఇత్తడి తొట్టి, రెండు పక్కలా పొడుగాటి కొయ్య కాడలు. పక్కకు ఎనిమిది మంది నిలబడి కాడలను పైకీ కిందికీ ఆడిస్తే, ఒక గొట్టం కాలువలోంచి నీళ్లు పీల్చేది, ఇంకో గొట్టం చిమ్మేది. బండికి గుర్రం లేదు. మా కూలీలే లాగేవారు. తెల్లవారుజామున వీధులు ఊడ్చినవాళ్లే మధ్యాహ్నం షెడ్డులో కూర్చుని అగ్గి డ్యూటీ చేసేవారు.

హద్దుకు సున్నం కొట్టిన రాళ్లు పాతి ఉండేవి. పాత పటం చెదలు తినేసిందని, వెళ్లిన మొదటి వారంలోనే కొత్త పటం గీయమన్నారు. ఎర్ర సిరాతో ఆ గీత గీసింది నేనే. నిప్పు కబురు రాగానే ఓవర్సీరు మొదట అడగవలసిన ప్రశ్న 'ఎంత పెద్దది?' అని కాదు, 'లోపలా, బయటా?' అని. బయట అయితే ఛైర్మన్ చేతి రాత లేకుండా బోర్డు సామాను ఒక్కటీ హద్దు దాటకూడదు. ఈ నియమానికి అర్థం లేదనను. ఉన్న ఒక్క పంపూ ఎక్కడో దూరాన ఉండగా ఊళ్లో నిప్పంటుకుంటే ఎవరు జవాబు చెబుతారు?

అర్థం లేనిది ఇంకొకటి ఉంది. పంపు లాగే కూలీల లైన్లు, అంటే వాళ్లుండే గదుల వరసలు, హద్దుకు అవతల ఉండేవి. హద్దు లోపల నిపా అనే ఒక రకం తాటి ఆకుల కప్పు (మేం అత్తాపు అనేవాళ్లం) వేయకూడదని బోర్డు రూలు. గోడ కట్టాలి, ఇంటికీ ఇంటికీ ఎడం ఉంచాలి. తన కూలీలకు అలా కట్టడం ఇష్టంలేని బోర్డు, హద్దు కాలువ దాటిన వెంటనే, రాయికి అవతల, రెండు వరసల అత్తాపు గదులు వేసింది. తన రూలు తనకే తగలకుండా తప్పుకుంది. పటం గీసేటప్పుడు నేను దీన్ని గమనించాను. గమనించి ఊరుకున్నాను.

ఇంకొక సంగతికి కూడా నేను ఊరుకున్నాను. దళం నెలకొకసారి నీళ్లు చిమ్మి అభ్యాసం చేయాలని నియమం. ఎండాకాలంలో ఇన్‌స్పెక్టర్ దొర దాన్ని ప్రతి శనివారం సాయంత్రానికి మార్చాడు. చోటు దొరల క్లబ్బు. క్లబ్బు నది ఒడ్డున, రెండో కొనలో ఉన్న హద్దు రాయికి అవతల ఉంటుంది. అక్కడి టెన్నిస్ గడ్డి ఎండిపోకుండా మేం ఒక గంట పంపు కొట్టేవాళ్లం. అభ్యాసం రిజిస్టరులో 'చోటు' అనే గడిలో ఏం రాయమంటారని అడిగితే దొర 'నది ఒడ్డు' అని రాయమన్నాడు. క్లబ్బు నది ఒడ్డునే ఉంది కదా, అబద్ధం కాదులే అని నాకు నేను చెప్పుకున్నాను. దేవుని ముందు లెక్క అడిగితే నిలవని మాట అది.

మండోరు పేరు అప్పలసామి. నలభై దాటినవాడు, నల్లగా, పొట్టిగా, గొంతు మాత్రం గంటలా ఉండేది. పద్దెనిమిదేళ్ల కిందట వచ్చి, ఇక్కడే పుట్టిన అమ్మాయిని చేసుకుని, ముగ్గురు పిల్లల తండ్రి అయ్యాడు. శనివారం క్లబ్బు గడ్డి మీద నీళ్లు చిమ్ముతూ నన్ను ఆటపట్టించేవాడు.

"పాస్టరు బాబూ, ఈ గడ్డి మీ మతంలో కలిసిపోనాదేటి? వారం వారం బాప్తిస్మం ఇచ్చేస్తన్నాం!"

కాడలు పట్టినవాళ్లు నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

"నవ్వుతారేటి బాబూ," అనేవాడు, మాట చివర మలాయ్‌వాళ్ల 'లా' తగిలించి. "గడ్డికి దాహం ఏస్తే పంపు ఎల్తది. మా ఆడోలు తాగడానికి మాత్రం కాలవ కాడ క్యూ కట్టాల. ఇదేం లెక్క లా?"

మార్చి నెలలో ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి కాలువ అవతల పొగ లేచింది. మొదటి వరసలో ఎవరి పొయ్యో అంటుకుంది. మగవాళ్లంతా షెడ్డులోనే ఉన్నారు. నేను పక్కనున్న ఆఫీసుకు వెళ్లి ఫోను చేశాను. ఛైర్మన్ లాంచీలో నది ఎగువకు వెళ్లారన్నారు. ఇన్‌స్పెక్టర్ దొర భోజనం దగ్గర ఉన్నాడు. అతను అడిగిన మొదటి మాట 'లోపలా, బయటా?' నేను బయట అన్నాను. పంపును హద్దు రాయి వరకు తీసుకెళ్లి నిలబెట్టమనీ, నిప్పు కాలువ దాటి లోపలికి వస్తే అప్పుడు ఆర్పమనీ చెప్పి ఫోను పెట్టేశాడు.

బండి లాక్కుంటూ రాయి దగ్గరికి చేరాం. పోటు సమయం కావడంతో కాలువ నిండుగా ఉంది. పీల్చే గొట్టం నీళ్లలో వేశారు. చిమ్మే గొట్టాలు ఒకదానికొకటి బిగించారు. పదహారు మంది కాడలు పట్టుకుని నిలబడ్డారు. నలభై అడుగుల అవతల వాళ్ల ఇళ్లే కాలుతున్నాయి. మొదటి వరస సగం అంటుకుంది, గాలి రెండో వరస మీదికి తోస్తోంది. అప్పుడు నేను అన్న మాట నాకిప్పటికీ వినబడుతుంది: "ఆర్డరు లేదు. ఆగండి."

వాళ్లు ఆగారు. ఆగినవాళ్ల ముఖాలు చూడలేక నేను గడియారం చూసుకున్నాను. పావుగంట గడిచింది.

అవతల ఒడ్డున ఆడవాళ్లు పిల్లలను లాక్కుని నిలబడి ఉన్నారు. వాళ్లలోంచి ఒకామె గుండెలు బాదుకుంటూ అరిచింది. "ఓలమ్మో, పైడమ్మ నోపలే ఉండిపోనాది! పురిటి గదిలో!"

రెండో వరసలో చివరి గదిని వాళ్లు పురుళ్లకు ఉంచుకున్నారు. ప్రసవమైన మనిషి పురిటి స్నానం అయ్యేదాకా గడప దాటకూడదు, గాలి తగలకూడదు అని వాళ్ల ఆచారం. పంపు లాగే రాములు భార్య పైడమ్మ ఆరు రోజుల బాలింత. పొగ చూసిన ముసలి మంత్రసాని, తనకు తెలిసిన పద్ధతిలో, బాలింతకు గాలి తగలకుండా తలుపు బిగించి, కిటికీకి గోనె కట్టేసింది. మిగిలినవాళ్లు ఆమెను ఎప్పుడో బయటికి తెచ్చేసి ఉంటారని అనుకున్నారు. రాములు మా పంపు కాడ పట్టుకుని నిలబడి ఈ అరుపు విన్నాడు.

అప్పలసామి నా ముందుకు వచ్చాడు. "బాబూ, నీళ్లున్నాయి, గొట్టం ఉంది, మనుసులున్నారు. ఇంకేటి కావాల?"

ఆర్డరు కావాలన్నాను.

"ఆ ఆర్డరు వచ్చినాక మీరే సదువుకోండి. నాను ఎల్తన్నాను," అన్నాడు. వెనక్కి తిరిగి, "ఏట్రా సూస్తన్నారు? బేగి కొట్టండి!" అని కేక వేశాడు. గొట్టం ఇత్తడి మూతి పట్టుకుని పలక వంతెన మీదుగా పరిగెత్తాడు. రాములు వెనక గొట్టం మోశాడు. పంపు బండి రాయికి ఇవతలే ఉంది. గొట్టం దాటింది.

నేను వద్దనలేదు. వెళ్లమనీ అనలేదు. నా ఉద్యోగం మొత్తంలో అంతకంటే పిరికి పని నేను చేయలేదు.

అప్పలసామి గది మొదటి వరసలో మూడోది. కప్పు అంటుకుంది గానీ గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. అతని భార్య దారికి అడ్డం వచ్చి, "ఏటయ్యా, మన గది! మన గదిని ఒగ్గేసి ఎక్కడికి పోతావు?" అని ఏడ్చింది. అతను ఆమెను దాటి, తన గదిని దాటి, రెండో వరస మీద నీళ్లు కొట్టాడు. రాములు తలుపు పగలగొట్టాడు. బాలింత, బిడ్డ, మంత్రసాని దగ్గుతూ బయటపడ్డారు. గొట్టం ఒకటి పిగిలిపోయింది. మొదటి వరస మొత్తం బూడిదైంది. రెండో వరస నిలిచింది. ప్రాణం పోలేదు.

మూడో రోజున ఇన్‌స్పెక్టర్ దొర రిపోర్టు పెట్టాడు. మండోరు ఆర్డరు లేకుండా బోర్డు సామాను హద్దు దాటించాడు, గొట్టం పాడుచేశాడు, ఇదంతా సొంత ఇల్లు కాపాడుకోవడానికి చేశాడు. ఈ మూడో మాట నేను రెండుసార్లు చదివాను. సొంత ఇల్లు కాపాడుకున్నవాడి పిల్లలు ఆ రాత్రులన్నీ షెడ్డులో గోనెల మీద పడుకున్నారు.

అప్పలసామి ఇత్తడి బిళ్ల తీసేసుకుని పనిలోంచి ఆపారు. విచారణలో తప్పు రుజువైతే బర్తరఫ్. ఆ ఏడాది బర్తరఫ్ అయిన కూలీకి ఇంకో పని దొరకదు. ఓడ టిక్కెట్టు చేతిలో పెట్టి పంపేస్తారు. అతను నా దగ్గరికి వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆడకెల్లి ఎవుల్ని అడగాల బాబూ? మా ఊరి దారే మర్సిపోనాను. మా పిల్లలకి ఆ ఊరి పేరు కూడా తెల్దు."

ఆ బర్తరఫ్ నియమంలో ఒక సందు ఉంది. అంతకుముందు ఎప్పుడూ మీరని నియమాన్ని మీరితే బర్తరఫ్. పైవాళ్లకు తెలిసే అది మీరుతూ వస్తున్నదైతే హెచ్చరిక మాత్రమే. అందుకే విచారణ ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది: ఇంతకుముందు బోర్డు సామాను ఎప్పుడైనా హద్దు దాటిందా? అప్పలసామి ఇక్కడ ఉంటాడా, ఓడెక్కుతాడా అనేది ఆ ఒక్క జవాబు మీద ఆధారపడి ఉంది. జవాబు చెప్పవలసింది ఓవర్సీరు.

ఇన్‌స్పెక్టర్ దొర నన్ను పిలిచి, నా వాంగ్మూలం మూడు వాక్యాల్లో తనే రాసి ఇచ్చాడు. మూడోది: లేదు, ఎప్పుడూ దాటలేదు. సంతకం పెట్టు, నీ మీదికి ఏమీ రాదు అన్నాడు. ఆదివారం చూసుకుని చెబుతానన్నాను.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక మా ఉపదేశి గారికి సంగతి చెప్పాను. ఆయన మంచివాడు, భయస్థుడు. అధికారులకు లోబడి ఉండమని వాక్యం చెబుతోంది కదా తమ్ముడూ అన్నాడు. అబద్ధ సాక్ష్యం పలకవద్దని కూడా ఆ వాక్యమే చెబుతోంది అన్నాను. నీకు కుటుంబం ఉంది అన్నాడు ఆయన. నాకు ఒళ్లు మండింది. విశ్రాంతి దినాన గుంటలో పడ్డ గొర్రెను పైకి తీయవచ్చా అని తర్కించినవాళ్ల గురించి పిల్లలకు పాఠం చెప్పి, వాళ్లను తప్పుపట్టి, ఇంటికి వెళ్లి అన్నం తినే మనుషులం మేం. గుంట దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడింది నేనే అని అప్పుడు తెలిసింది. నా కోపంలో సగం ఆయన మీద కాదు, నా మీదే.

సోమవారం విచారణ. బల్ల వెనక ఛైర్మన్, ఇన్‌స్పెక్టర్ దొర, బోర్డు మెంబరు అయిన ఒక వర్తకుడు. అప్పలసామి తలపాగా విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. అతని మాట ఇంగ్లీషులో చెప్పవలసింది కూడా నేనే.

ఛైర్మన్ ఫారం చదువుతూ ఆ ప్రశ్న దగ్గరికి వచ్చి, తల ఎత్తకుండానే అడిగారు. దాటింది అన్నాను. ఆయన తల ఎత్తారు. నేను ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎండాకాలం ప్రతి శనివారం దాటింది, క్లబ్బు గడ్డికి నీళ్లు పెట్టడానికి, అన్నాను. క్లబ్బు నది ఒడ్డున ఉంది, నది ఒడ్డు హద్దు లోపలే అని ఇన్‌స్పెక్టర్ దొర అందుకున్నాడు. గోడ మీది పటం చూపించి, ఆ ఎర్ర గీత నా చేత్తో గీసిందేననీ, అది క్లబ్బుకు చాలా ఇవతలే ఆగిందనీ చెప్పాను. అయితే నీ రిజిస్టరు అబద్ధమా అని ఛైర్మన్ అడిగారు. అబద్ధమే, తెలిసి రాశాను అన్నాను. ఛైర్మన్ కూడా ఆ గడ్డి మీదే టెన్నిస్ ఆడేవారు.

తర్వాత మండోరును, ఆర్డరు తీసుకోవాలని నీకు తెలియదా అని అడిగారు. నేను తెలుగులో చెప్పాను. అప్పలసామి వినయంగానే జవాబిచ్చాడు.

"దొరగారికి సెప్పండి బాబూ. గడ్డి కాడికి ఎల్లినప్పుడు ఎవులూ ఆర్డరు అడగనేదు. బాలింత కాడికి ఎల్లినప్పుడు అడగాలని నాకు తెల్దు. తెలిసినా ఎల్తును."

చివరి మాట వదిలేయవచ్చు. వదిలేస్తే అతనికి మేలని కూడా అనిపించింది. కానీ ఇంక ఆ గదిలో ఏ మాటా తగ్గించి చెప్పకూడదని అనుకున్నాను. మొత్తం చెప్పాను.

అప్పలసామికి హెచ్చరిక ఇచ్చి, బిళ్ల తిరిగి ఇచ్చారు. రిజిస్టరు తప్పుగా రాసినందుకు నాకు గ్రేడు పెంపు ఆపారు. అది న్యాయమే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. తప్పుగా రాయమన్నవాడికి ఏమీ కాలేదు. బయటికి వచ్చాక అప్పలసామి నా ముఖం చూసి, "ఏటి బాబూ, మీరే ఓడెక్కేటట్టు ఉన్నారు. రండి, టీ తాగుదారి," అన్నాడు. అతను నాకు కృతజ్ఞతలు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం లేదు. నేను నిలబడి ఉండగా వెళ్లినవాడు అతను.

అక్కడితో అయిపోతే నేను ఇది రాసేవాణ్ణి కాదు. రెండు నెలల తర్వాత, ప్రజా భద్రత దృష్ట్యా అగ్గి హద్దును సవరిస్తున్నట్టు కాగితం వచ్చింది. చదివేటప్పుడు లైన్లను లోపలికి తీసుకుంటున్నారని సంతోషపడ్డాను. రెండో పేరాలో తెలిసింది: నది వైపు రాయిని తీసి క్లబ్బు కంచె అవతల పాతాలి. కాలువ వైపు రాయి ఉన్నచోటే ఉంటుంది. శనివారం నీళ్లకు ఇక ఎవరి అనుమతీ అక్కర్లేదు. కొత్త పటం గీసే పని మళ్లీ నాకే ఇచ్చారు.

లైన్లను కూడా చేర్చమని నోటు పెట్టాను. వాటిని తాత్కాలిక కట్టడాలుగా పరిగణిస్తున్నామని జవాబు వచ్చింది. ఆ తాత్కాలిక కట్టడాలు హద్దు గీసిన నాటి నుంచీ ఉన్నాయి. కాలిపోయిన వరసను అదే చోట, అదే అత్తాపుతో మళ్లీ వేశారు. అప్పలసామి మనుషులు తర్వాతి శనివారం ఎప్పటిలాగే బండి లాక్కుంటూ క్లబ్బుకు వెళ్లారు. ఈసారి అది రూలు ప్రకారమే. యాభై ఏళ్లు దాటాయి. ఆ కాగితం గుర్తొస్తే నాకిప్పటికీ అన్నం సహించదు.

ఏడాది చివర నన్ను వేరే ఊరికి మార్చారు. ఆ తర్వాత చాలా బోర్డుల్లో, చివరికి మోటారు పంపులున్న దళాల్లో కూడా పనిచేసి రిటైరయ్యాను. ఆ ఊళ్లో నేర్చుకున్నది రెండే సంగతులు. నియమం ఎవరి కోసం ఉందో పుస్తకంలో ఉండదు, దాన్ని ఎవరి కోసం సడలిస్తారో చూస్తే తెలుస్తుంది. రెండోది, ఆ సడలింపును కాగితం మీద దాచిపెట్టే చెయ్యి ఎప్పుడూ నాలాంటి చిన్న ఉద్యోగిదే. ఆ వేసవి నుంచి రిటైరయ్యే రోజు దాకా, ఏ రిజిస్టరులోనైనా 'చోటు' అనే గడిలో నీళ్లు ఎక్కడ పడ్డాయో అదే రాశాను.